స్వీడన్ రాగి గనికి వెళ్తున్నారా? స్వెటర్ మర్చిపోకండి

ఎండాకాలం సెలవులకి హైదరాబాద్ నుంచి స్టాక్‌హోమ్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకి ఓ మాట. అక్కడి నుంచి రైల్లో మూడు గంటలలోపే ఫాలున్ రాగి గనికి వెళ్లిరావచ్చు. వందల ఏళ్లు నడిచి 1992లో మూతపడింది, 2001లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

పైన ఎండ కాస్తోందని పల్చటి చుడీదార్‌తో, చెప్పులతో దిగకండి. లోపల ఏ కాలమైనా ఐదారు డిగ్రీలే, పైగా తడి నేల. కోఠీలో కొన్న స్వెటర్, మంకీ క్యాప్ రెండూ పెట్టెలో పడేయండి. ఎవరూ నవ్వరు, నవ్వినా ఫర్వాలేదు. జారకుండా పట్టు ఉన్న బూట్లు తప్పనిసరి. హెల్మెట్ వాళ్లే ఇస్తారు.

అసలు చూసుకోవాల్సింది మోకాళ్లు. గైడ్‌తో దాదాపు గంట నడక, దారిలో మెట్లు వందల్లో ఉంటాయి. అమీర్‌పేట మెట్రో మెట్లే ఆగి ఆగి ఎక్కే అత్తయ్యల్ని మొహమాటానికి దింపకండి. వాళ్లు పైనే ఉండి పెద్ద గొయ్యి చూడొచ్చు, నన్నడిగితే లోపలికన్నా అదే బాగుంటుంది. 1687లో గని కూలి ఏర్పడిన గొయ్యి అది. పండగ సెలవు కావడంతో ఆ రోజు లోపల ఎవరూ లేరు, ఒక్క ప్రాణం పోలేదు. స్వీడన్ పల్లెల్లో కనిపించే ఎర్ర ఇళ్ల రంగు కూడా ఈ గని మట్టి చలవే.

ఇంగ్లిష్ గైడ్ ఏ టైమ్‌కి ఉందో ముందే చూసి, దాన్ని బట్టి రైలు టికెట్ తీసుకోండి.