మద్యం యాడ్ బయటికి పోయే ముందు

మద్యం యాడ్ ఏదైనా తనిఖీకి వస్తే నేను ముందు చదవను, సౌండ్ తీసేసి చూస్తాను. మాటలు అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకునే రాస్తారు. దొరికిపోయేది బొమ్మ దగ్గరే.

ఒకసారి ఓ విస్కీ పోస్టర్ వచ్చింది. చెక్క బల్ల, గ్లాసు, పక్కన మడిచిన పేపరు, అంతే. మూడుసార్లు చూసి సరే అన్నాను. ప్రింటుకి వెళ్లే ముందు రాత్రి ఎందుకో పెద్దది చేసి చూస్తే, పేపరు అంచు కింద నుంచి కారు తాళం సగం కనబడింది. ఫొటో తీసినాయన తన తాళమే అక్కడ పెట్టి మరిచిపోయాడట! యూరోపియన్ యూనియన్ 2010/13 డైరెక్టివ్‌లో 22వ ఆర్టికల్ తాగడానికీ డ్రైవింగ్‌కీ ముడి పెట్టొద్దంటుంది. అది టీవీ యాడ్ల కోసం రాసిందే అయినా పోస్టర్లకూ నేను అదే కొలత పెడతాను. తాగితే నలుగురిలో గొప్పవాళ్లమవుతామనో, అమ్మాయిలు పడిపోతారనో, దిగులు పోతుందనో అనిపించకూడదు. తాగనివాణ్ణి చేతకానివాడిలా చూపకూడదు. ఘాటు ఎక్కువ కాబట్టి మంచి సరుకు అనకూడదు. ఇవన్నీ ఆ ఒక్క ఆర్టికల్‌లోనే ఉన్నాయి. ప్రింటు తీసి గోడకి అంటించుకోండి.

అయితే బొమ్మ చూడటానికి ముందే క్లయింట్‌ని ఒకటి అడగాలి: ఎక్కడ వేస్తున్నారు? నార్వేలో 1975 నుంచీ మద్యం యాడ్ల మీద నిషేధం ఉంది. 2.5 శాతం దాటిన మద్యం బ్రాండు గుర్తును వేరే వస్తువు మీద వేసి యాడ్ ఇచ్చినా అక్కడ కుదరదు. లిథువేనియా 2018లో తలుపు మూసేసింది. ఫ్రాన్స్‌లో 1991 నాటి ఎవాఁ చట్టం ఏం చెప్పొచ్చో జాబితా ఇచ్చింది: ఎంత శాతం, ఎక్కడిది, దేంతో చేశారు, ఎలా చేశారు, ఎలా తాగాలి లాంటివి. అతిగా తాగడం ఆరోగ్యానికి ప్రమాదకరమన్న హెచ్చరిక కూడా ఉండాలి.

ఇండియా అనగానే 'సోడా పేరుతో వేద్దాం' అంటారు. కేబుల్ టీవీ నిబంధనలు, 1994 నాటివి, నేరుగానే కాదు, చాటుగా చేసే ప్రచారాన్నీ కాదన్నాయి. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాలు సర్రొగేట్ యాడ్లని, అంటే మందు బ్రాండునే సోడా లాంటి వేరే సరుకు ముసుగులో చూపేవాటిని, పేరు పెట్టి మరీ నిషేధించాయి. తప్పుదారి పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జరిమానా మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా ఉంటుంది. అందుకే ఆ సోడా నిజంగా దుకాణాల్లో దొరుకుతోందా, యాడ్‌లో రంగులూ గ్లాసూ మందుని గుర్తు చేస్తున్నాయా అని అడుగుతాను. ఈ ప్రశ్న క్లయింట్లకి నచ్చదు.

తర్వాత మొహాలు. బ్రిటన్ యాడ్ల కోడ్ ప్రకారం తాగుతూ కనిపించేవాళ్లకీ, యాడ్‌లో ముఖ్యమైన పాత్ర ఉన్నవాళ్లకీ 25 ఏళ్లు నిండాలి, నిండినట్టు కనిపించాలి కూడా. ఈ రెండోది చాలామంది మరిచిపోతారు. 29 ఏళ్ల మోడల్ ఆధార్ చూపించినా మొహం కాలేజీ పిల్లలా ఉంటే నేను వద్దంటాను. చూసేవాళ్లలో 18 నిండనివాళ్లు 25 శాతం దాటే చోట యాడే వేయకూడదు.

ఆరోగ్యం మాటకొస్తే నా పని సులువు: కొట్టేయడమే. యూరప్‌లో 1.2 శాతం కంటే ఎక్కువ ఆల్కహాల్ ఉన్న పానీయం ఒంటికి మంచిదని చెప్పడానికి వీల్లేదని 1924/2006 రెగ్యులేషన్ చెబుతుంది.

సోషల్ మీడియాలో మాత్రం ఇప్పటికీ టెన్షనే. ఎవరో అభిమాని బండి మీద కూర్చుని సీసా పట్టుకున్న ఫొటో పెడతాడు. బ్రాండు పేజీ దాన్ని ముచ్చటపడి షేర్ చేస్తుంది. షేర్ చేసిన క్షణం నుంచీ అది మీ యాడ్ అనే లెక్క. అందుకే పేజీ చూసే కుర్రాడికి కూడా ఇవే నేర్పించండి, లీగల్ వాళ్లకి ఒక్కళ్లకే కాదు.

ఇక ఫోన్లో చెప్పే 'ఓకే'లు నేను ఒప్పుకోను. ఏ వెర్షన్, ఏ దేశానికి, ఎవరు చూశారు, మోడల్ వయసు రుజువు, అన్నీ ఒకే ఫోల్డర్లో ఉండాలి. ఆ విస్కీ పోస్టర్ ఫైలు ఇంకా నా దగ్గరే ఉంది. దాని పేరు 'ఫైనల్ 7, తాళం లేదు'.