బాహా తీరంలో తెగిపోయే నెట్‌ని ఇలా దారికి తెచ్చాను

మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పంలో, కన్సెప్షన్ అఖాతం ఒడ్డున మా ఆర్వీ (ఇల్లులా ఉండే బండి) ఆపాం. సెల్ సిగ్నల్ అంతంతమాత్రం, నెట్‌కి కప్పు మీది శాటిలైట్ డిషే దిక్కు. అదేమో మీటింగ్ మధ్యలో తెగిపోయేది. ఒకటే టెన్షన్!

డిష్ యాప్‌లో, ఆకాశానికి ఏవి అడ్డొస్తున్నాయో చూపే మ్యాప్ చూస్తే విషయం తెలిసింది. నెట్ అందించే ఈ ఉపగ్రహాలు కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులో పరుగెడుతూనే ఉంటాయి. ఒక్క దిక్కు కనిపిస్తే చాలదు, ఆకాశం విశాలంగా కనబడాలి. మాకేమో కప్పు మీది ఏసీ పెట్టె, పక్కనున్న ఆకుల పందిరి అడ్డు. డిష్‌ను దించి, పొడవాటి కేబుల్‌తో ఖాళీ ఇసుకలో స్టాండు మీద పెట్టాను. తెగడం ఆగింది. గాలికి పడకుండా స్టాండు కాళ్లకు ఇసుక సంచులు కట్టాను.

ఇక కరెంటు సంగతి. ఇన్వర్టర్ మానేసి, 12 వోల్టుల బ్యాటరీ నుంచి డీసీ కన్వర్టర్‌తో డిష్ నడిపాను. రాత్రిళ్లు ఆపేస్తే సోలార్ సరిపోతోంది.