సమాధి రాయి మీద మరకలు, పాచి: ఏది ఎందుకు వస్తుంది, ఏం చేస్తే పోతుంది

నవంబరు 2 సమాధుల పండుగ. దానికి రెండు మూడు రోజుల ముందు మన ఊళ్లలో ఏ సమాధుల తోటకు పోయినా ఒక చేత యాసిడ్ సీసా, ఇంకో చేత ఇనుప బ్రష్షు పట్టుకున్నవాళ్లు కనబడతారు. పండుగ రోజుకు రాయి కొత్తదానిలా ఉంటుంది. మళ్లీ ఏడాదికి అక్షరాలు పలచబడి, మునుపటికన్నా దట్టంగా పాచి పడుతుంది. కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో పాచి వల్ల చెడిన రాళ్లకన్నా పాచి తీయబోయి చెడగొట్టిన రాళ్లే ఎక్కువని నా అభిప్రాయం.

కారణం మన రాళ్లలోనే ఉంది. యర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు తీసే నల్ల కడప రాయి, తాడిపత్రి బండలు, బేతంచెర్ల బండలు, అన్నీ సున్నపురాళ్లే. బయటినుంచి తెచ్చే పాలరాయిదీ అదే తీరు. వీటి మీద యాసిడ్ పోస్తే మరక కింద ఉన్న రాయి పొర కరిగి, మరక దాంతోపాటు కొట్టుకుపోతుంది. గరుకుదేలిన ఆ రాతిలో దుమ్ము, తడి నిలిచి పాచికి ఇంకా మంచి చోటు దొరుకుతుంది.

ముందు రాయి ఏదో తేల్చుకోండి

రాయి వెనకవైపు, నేలకు దగ్గరగా, ఎవరికీ కనబడని చోట ఒక్క చుక్క నిమ్మరసం వేసి చూడండి. బుసబుసమని చిన్న బుడగలు వస్తే సున్నపురాయి. వెంటనే నీళ్లు పోసి కడిగేయండి. బుడగలు రాకుండా, దగ్గరగా చూస్తే మెరిసే గింజలు కనబడితే గ్రానైట్. చీమకుర్తి నుంచి వచ్చే, బంగారు చుక్కలున్న నల్ల రాయి ఈ రకమే. గ్రానైట్ చాలా తట్టుకుంటుంది. అయినా దాని అక్షరాల్లోని రంగు, కింది సిమెంటు తట్టుకోవు కాబట్టి యాసిడ్ దానికీ వద్దు.

తర్వాత వేలి కణుపుతో రాతిని అక్కడక్కడా మెల్లగా తట్టండి. గుల్ల శబ్దం వచ్చినా, పెచ్చులు లేస్తున్నా, పగులు ఉన్నా కడగడం ఆపి, చివర ఉన్న భాగం చూడండి. వేరే కుటుంబం సమాధి అయితే వాళ్లను, తోట చూసుకునే సంఘం వాళ్లను అడగందే చేయి పెట్టకండి. పురావస్తు శాఖ బోర్డు ఉన్న చోట మంచి ఉద్దేశంతో కూడా ఏమీ చేయకూడదు.

కావలసిన సరంజామా పెద్దది కాదు: బకెట్లు, మెత్తటి నైలాన్ బ్రష్షు, నున్నటి రాతికి మెత్తటి గుడ్డ, వెదురు చీలిక, అక్షరాల సందుల్లోకి వేపపుల్ల. ఇనుప పీచు, ఉప్పుకాగితం, గ్రైండరు, బైకు సర్వీసింగు దగ్గర వాడే ప్రెషరు పైపు, వీటి జోలికే పోవద్దు.

ఆకుపచ్చగా, నల్లగా జారుడు పొర పట్టింది

ఇది పాచి. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే వాన పడుతుంది, ఇంత ఎండల్లో పాచి ఎట్లా వస్తుందని అడుగుతారు. ఎండాకాలం అది చావదు, ఎండి నల్లగా అతుక్కుని ఉంటుంది. వానలకు మళ్లీ లేస్తుంది. చెట్టు నీడ, ఉత్తరం వైపు ముఖం, మొదట్లో పోగైన మట్టి, రోజూ పూలకుండీకి పోసే నీళ్లు, ఈ నాలుగింటిలో ఒకటైనా ఉంటుంది చూడండి.

రాతిని ముందు బాగా నానబెట్టండి. ఎండిన రాయి మందునూ మురికినీ లోపలికి పీల్చుకుంటుంది. బ్రష్షు కిందినుంచి పైకి రుద్దుకుంటూ పోవాలి; పైనుంచి మొదలుపెడితే మురికి నీళ్లు పొడి రాతి మీదుగా కారి చారలు కడతాయి. సగం పని ఉత్త నీళ్లతోనే అయిపోతుంది. చాలామందికి అక్కడ ఆగిపోయినా సరిపోతుంది.

వేళ్లూనిన పాచికి బెంజాల్కోనియం క్లోరైడ్ వాడవచ్చు. కెమికల్ అంగళ్లలో 50 శాతం ద్రావణంగా అమ్ముతారు. కోళ్లఫారాల వాళ్లకు బాగా తెలిసిన మందే. లీటరు నీళ్లకు 20 మిల్లీలీటర్లు కలిపితే సుమారు 1 శాతం అవుతుంది. తడి రాతి మీద చల్లి, పది పదిహేను నిమిషాలు ఆరనీయకుండా ఉంచి, రుద్ది కడగండి. అంతకుముందు సబ్బు వాడి ఉంటే అది పూర్తిగా పోయేలా కడిగాకే ఈ మందు చల్లాలి, సబ్బు తగిలితే దీని పని చెడుతుంది. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాలి. బావికి, కుంటకు దగ్గరైతే ఆ నీళ్లు అటు పోనీయకండి, చేపలకు విషం.

మందు చల్లిన రోజే రాయి మెరవాలని చూడకండి. చచ్చిన పాచి తర్వాతి వానలకు కొంచెం కొంచెంగా రాలిపోతుంది. అందుకే పండుగకు కావాలంటే అక్టోబరు మొదట్లోనే చల్లుకోవాలి. పొద్దున్నే చేయండి. పదిన్నర దాటితే నల్ల రాయి చేయి పెట్టలేనంత కాలుతుంది, మందు పోసిన చోటే ఆరిపోతుంది.

బ్లీచింగ్ పౌడరు సంగతి. పాచి చూస్తుండగానే తెల్లబడుతుంది, నిజమే. కానీ ఉప్పు రాతిలో దిగి తర్వాత పొడిపొడిగా బయటకు వస్తుంది. బ్లీచింగు వేశాక పని కాలేదని దాని మీద యాసిడ్ పోసేవాళ్లున్నారు. అప్పుడు లేచేది క్లోరిన్ వాయువు, ఊపిరితిత్తులకు ప్రమాదం. ఆ రెండూ ఎన్నడూ కలవకూడదు.

బూడిద, నారింజ రంగుల్లో గుండ్రటి బిళ్లలు

బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వుకు ఇవి చుట్టాలు. రాతిని గట్టిగా పట్టుకుని ఉంటాయి, పొడిగా ఉన్నప్పుడు గోకితే రాతి పొరనూ లాక్కుని వస్తాయి. పైన చెప్పిన మందు చల్లి వారాల తరబడి వదిలేయండి. రంగు మారి, అంచులు లేచాక నీళ్లతో నానబెట్టి వెదురు చీలికతో పక్కనుంచి నెట్టండి. రానిది రానీ. కింద కొంచెం లేత మచ్చ మిగులుతుంది, అది కాలం గడిచే కొద్దీ కలిసిపోతుంది.

నల్ల రాయి తెల్లబడింది

ఎక్కువమంది అడిగేది, ఎక్కువగా తప్పు వైద్యం జరిగేదీ దీనికే. తెలుపు ఒకటే అయినా కారణాలు వేరు. రాతి మీద చెంబుడు నీళ్లు పోసి చూస్తే చాలావరకు తేలిపోతుంది.

నీళ్లు పోయగానే రాయంతా నల్లగా తిరిగి, ఆరాక మళ్లీ బూడిదరంగు వస్తోందా? అయితే అక్కడ మురికి లేదు. కడప రాయి ఎండకూ వానకూ పాలిష్ పోయి సహజంగానే బూడిదరంగుకు వస్తుంది. ఎవరో ఎప్పుడో యాసిడ్ పోసినా ఇట్లాగే ఉంటుంది. అప్పుడు నీళ్లు కారిన దారులు కూడా కనబడతాయి, వేలితో తడిమితే గరుకు. ఎంత కడిగినా ఇది పోదు, పోవడానికి అక్కడ ఏమీ లేదు. బండల ఫ్యాక్టరీలో పనిచేసే పాలిష్ మేస్త్రీ మళ్లీ నునుపు తేగలడు కానీ, అక్షరాలు లోతుగా చెక్కినవైతేనే ఒప్పుకోండి. కొబ్బరినూనె రుద్దితే నల్లబడుతుందని చెప్పేవాళ్లు ఉంటారు. నల్లబడుతుంది, వారం రోజులు. ఆ తర్వాత ఊళ్లో దుమ్మంతా దాని మీదే. నన్నడిగితే బూడిదరంగు కడప రాయికి వయసు తెచ్చిన రంగు, దాన్ని అట్లాగే ఉంచడం మేలు.

తడిపినా తెల్ల చారలు తెల్లగానే కనబడుతున్నాయా? బోరు నీళ్ల గార. పూలకు నీళ్లు పోసిన చోట, కారిన దారిలో ఉంటుంది. ఇక్కడే చిక్కు: ఆ గార, దాని కింది రాయి దాదాపు ఒకే పదార్థం, రెండూ కాల్షియం కార్బొనేటే. గారను కరిగించేది ఏదైనా రాతినీ కరిగిస్తుంది. వెనిగరు, చింతపండు, బాత్రూమ్ క్లీనరు, అన్నీ ఆ కోవలోవే. తడిగుడ్డ పరిచి గంటసేపు నానబెట్టి, ప్లాస్టిక్ ముక్కతో పలచగా గీకండి. వచ్చినంత చాలు. మళ్లీ రాకుండా ఉండాలంటే బోరు నీళ్లతో కడిగినా ఆఖరిసారి మాత్రం 20 లీటర్ల క్యాను నీళ్లు పోసి, ఆరకముందే గుడ్డతో తుడిచేయండి.

వేలికి పొడిలా అంటుతోందా? అది ఉప్పు. కింద వేసిన సిమెంటులోంచో, నేల తేమలోంచో ఎక్కి వస్తుంది. దీన్ని కడిగితే కరిగి లోపలికి పోయి, ఆరాక మళ్లీ పైకి వస్తుంది. ఎండపొద్దున పొడి బ్రష్షుతో దులిపి, ఆ పొడిని ఎత్తి దూరంగా పారేయండి. సమాధి మొదట్లో మట్టి కుప్ప ఉంటే తీసేసి, వాన నీళ్లు నిలవకుండా వాలు చేయండి. తేమ ఆగనంతవరకు పొడి ఆగదు.

కొవ్వొత్తి మైనం, నూనె జిడ్డు

పండుగ మరుసటి రోజు మైనం గడ్డగా ఉంటుంది. సంచిలో ఐసుముక్కలు వేసి దాని మీద పెడితే పెళుసుబారి, వెదురు చీలికకు ఊడి వస్తుంది. ఆలస్యం చేస్తే మధ్యాహ్నం ఎండకు కరిగి రాతిలోకి ఇంకుతుంది. ఇంకిన దానికి టిష్యూ కాగితాలు పరిచి, వేడినీళ్లు పోసిన స్టీలు గ్లాసు దాని మీద పెట్టండి. కరిగిన మైనం కాగితానికి ఎక్కుతుంది. కాగితాలు మారుస్తూ పోవాలి.

మిగిలిన జిడ్డుకూ, దీపం నూనెకూ పెయింటు అంగట్లో దొరికే టర్పెంటైన్‌తో ముల్తానీ మట్టిని ముద్దలా కలిపి వేలు మందాన పట్టించండి. ప్లాస్టిక్ కాగితంతో ఒక రోజు కప్పి ఉంచి, తర్వాత తీసేసి ఆరనివ్వండి. ఆరుతూ మట్టి జిడ్డును పీలుస్తుంది. తెల్ల పాలరాతికి ముల్తానీ బదులు తెల్ల సుద్ద వాడాలి. చుట్టుపక్కల కొవ్వొత్తి వెలుగుతుంటే ఈ పని చేయకండి. కిరోసిన్ వద్దు, మరక ఇంకా పాకుతుంది.

పసుపు, కుంకుమ, ఆకుల మరకలు

పసుపు మరకకు సబ్బు పెట్టగానే ఎర్రగా మారితే కంగారు పడకండి. పారాణి కలిపేటప్పుడు సున్నం చేసే పనే ఇక్కడ సబ్బు చేసింది. బాగా కడిగితే ఎరుపు తగ్గుతుంది. పసుపుకు పెద్ద మందు ఎండే, కొన్నాళ్లకు వెలిసిపోతుంది. కుంకుమ రంగు అంత తేలిగ్గా పోదు, తడిసిన వెంటనే కడగాలి. చెట్ల ఆకులు కుళ్లి ఏర్పడిన గోధుమరంగు మచ్చ పాలరాతి మీద ఉంటే, తెల్ల సుద్దను హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిపి పట్టు వేయవచ్చు. నల్ల రాతి మీద మాత్రం వద్దు.

తుప్పు చారలు

పూలదండలు కట్టిన బైండింగు వైరు, చుట్టూ ఉన్న గ్రిల్లు, లోపలి ఇనుప కడ్డీ, కిందటేడు రుద్దిన ఇనుప బ్రష్షు వదిలిన పొడి, వీటిలో ఏదో ఒకటి కారణం. ముందు దాన్ని తీయండి, లేదా గ్రిల్లుకు రంగు వేయండి. తర్వాత సోడియం సిట్రేటు ఒక వంతు, నీళ్లు ఆరు వంతులు కరిగించి, దానికి సమానంగా గ్లిజరిన్ పోసి, తెల్ల సుద్ద పొడితో ముద్ద చేసి పట్టించండి. ఇక్కడ ముల్తానీ మట్టి వద్దు, దాంట్లోనే ఇనుము ఉండవచ్చు. కప్పి రెండు రోజులు ఉంచి చెక్కతో తీసి కడగండి. లోతుగా దిగిన తుప్పు పూర్తిగా పోదు.

పాత సున్నపు సమాధులు

గుత్తి కోట కింద ఉన్న ఇంగ్లీషువాళ్ల శ్మశానం లాంటి చోట్ల ఇటుక, సున్నపు గచ్చు కట్టడాలుంటాయి. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయిన మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రోను మొదట గుత్తిలోనే పూడ్చి, 1831లో మద్రాసుకు తరలించారు. ఆ కాలపు గచ్చుకు సిమెంటు, ఎనామిల్ రంగు రెండూ శత్రువులు. లోపలి తేమ బయటికి పోలేక గచ్చు ఉబ్బి రాలుతుంది. మన ఇళ్ల దగ్గర అట్లాంటి పాత సమాధి ఉంటే ఏటా వేసే ఉత్త సున్నమే దానికి సరైన పూత. దాని మీద పాచికి పొడి బ్రష్షు చాలు.

రాయి పొరలు పొరలుగా లేస్తోంది

కడప రాయి బండలుగా పొరలతో పుట్టిన రాయి. నిలబెట్టినప్పుడు పైనుంచి నీళ్లు పొరల మధ్యకు దిగితే అట్టల్లా విడిపోతుంది. అట్లాంటిదాన్ని కడగకండి, సందుల్లో సిమెంటు నింపకండి. పూలకు నీళ్లు పోయడం ఆపండి. పొద్దున ఏటవాలు ఎండలో, రాతికి ఒక పక్కనుంచి వెలుతురు పడేటప్పుడు ఫోటోలు తీయండి; మామూలుగా కనబడని అక్షరాలు కూడా నీడతో తేలతాయి. పేర్లు, తేదీలు కాగితం మీద రాసుకుని సంఘం రిజిస్టరులో ఒక ప్రతి పెట్టించండి. ఆ తర్వాతే మేస్త్రీని పిలిచి, రాతిని పడుకోబెట్టాలా, పైన చిన్న చూరు కట్టాలా అని మాట్లాడుకోండి.