బిడ్డ ఎదుగుదల, తల్లి మనసు: ఇంట్లోనే కలిపి గమనించడం ఎలా?

అంగన్‌వాడీలో బరువు తూచే రోజు కాసేపు కూర్చుని చూడండి. "ఎన్ని కిలోలున్నడు?" అని టీచర్ అడుగుతుంది, ఆయా అడుగుతుంది, పక్కన కూర్చున్న అవ్వ కూడా అడుగుతుంది. బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లిని "రాత్రి నిద్ర పట్టిందా బిడ్డా?" అని అడిగేవాళ్ళు కనిపించరు. మా దేవరకొండ వైపు నేను చూసినంతలో ఇదే తీరు. పిల్లల ఎదుగుదల మీద ఇన్నేళ్ళుగా జరిగిన పరిశోధన చదివితే ఈ రెండు ప్రశ్నలూ ఒకే నోటుబుక్కులో రాసుకోవాల్సినవని అర్థమవుతుంది. తల్లి మనసు చాలాకాలం కుంగిపోయి ఉంటే బిడ్డ మాట మీద, ఆట మీద, తిండి మీద ఆ ప్రభావం పడొచ్చు. బిడ్డ వెనకబడితే ఆ రంది తిరిగి తల్లికే చుట్టుకుంటుంది.

ఇంట్లో ఎవరైనా ఈ పని చేయవచ్చు. నాన్న, అత్త, చిన్నమ్మ, ఎవరైనా సరే.

మొదట వారం రోజులు రాసుకోండి

ఈ వారం ఏమీ మార్చొద్దు, ఎవరికీ సలహాలివ్వొద్దు. బిడ్డ ఏ గంటకు ఎవరి దగ్గర ఉన్నాడు, ఎదురుగా కూర్చుని మాట్లాడింది ఎవరు, ఫోన్ ఎంతసేపు చూశాడు, తల్లి ఎంత నిద్రపోయింది, ఏం తిన్నది, అంతే. మా చెల్లెలి కొడుకు ఏడాదిన్నర అప్పుడు మేము రాసిన పేజీ ఒకటి ఇలా ఉంది:

"మంగళవారం. 6కు లేచిండు. అమ్మ పత్తి ఏరబోయింది. 1 దాకా అవ్వ దగ్గర. ఫోన్ల బొమ్మలు గంటన్నర. తాత ఎత్తుకొని హోటల్ దాకా పోయిండు. సాయంత్రం అమ్మ స్నానం పోసింది, వంటకు పోయింది. రాత్రి రెండుసార్లు లేచి ఏడ్చిండు. అమ్మ మూడు గంటలు పడుకుంది."

ఆరుగురున్న ఇల్లు. ఎత్తుకోవడానికి చేతులకు కొదవ లేదు. మూడు రోజుల పేజీలు వరసగా చదివితే, వాడి ముఖంలోకి చూస్తూ పది నిమిషాలు మాట్లాడిన మనిషి ఒక్కరూ తేలలేదు. మాకెవరికీ అది తప్పుగా తోచలేదు, ఎందుకంటే వాడు ఎప్పుడూ ఎవరో ఒకరి చంకలోనే ఉన్నాడు.

రోజుకు పది నిమిషాలు ముఖాముఖి

1970లలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశారు. నెలల బిడ్డతో తల్లి నవ్వుతూ ఆడుతుంది. తర్వాత కొద్ది నిమిషాలు ముఖంలో ఏ కదలికా లేకుండా ఊరికే చూస్తుంది. బిడ్డ ముందు నవ్వి చూస్తుంది, చేతులు చాపుతుంది, అరుస్తుంది. ఏదీ పనిచేయకపోతే ముఖం తిప్పేసుకుని ఏడుస్తుంది. అంత చిన్న బిడ్డ కూడా ఎదుటి మనిషి స్పందన కోసం ఎదురుచూస్తుందని ఆ ప్రయోగం చూపించింది.

దీన్ని చదివి తల్లులు భయపడనక్కర్లేదు. పొయ్యి మీద అన్నం మాడుతుంటే బిడ్డ వైపు చూడని క్షణాలు ప్రతి ఇంట్లో ఉంటాయి. తప్పిన లయను మళ్ళీ కలుపుకోవడమే అసలు పని.

ఎలా చేయాలంటే: బిడ్డను ఒళ్ళో కాకుండా ఎదురుగా కూర్చోబెట్టుకోండి. మీరు మొదలుపెట్టకండి, ఆగి చూడండి. వాడు కోడిని చూస్తే "కోడి! గింజలు తింటున్నది" అనండి. వాడు "బ్బ" అంటే మీరూ "బ్బ" అని ఆగండి. ఆ ఆగడం ముఖ్యం, ఐదారు సెకన్లు. మనకు ఓపిక ఉండక మధ్యలోనే అందుకుంటాం. ఫోన్ పక్క గదిలో పెట్టండి. రెండేళ్ళ లోపు పిల్లలకు స్క్రీన్ అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

బొమ్మలు కొనాలా అని అడుగుతారు. అక్కర్లేదు. జమైకా దేశంలోని కింగ్‌స్టన్‌లో 1980లలో ఎదుగుదల కుంటుపడిన 129 మంది చిన్నపిల్లల మీద ఒక అధ్యయనం జరిగింది. కొందరి ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళ పాటు వారానికో గంట వెళ్ళి, ఇంట్లో దొరికే వస్తువులతో చేసిన బొమ్మలతో ఎలా ఆడించాలో తల్లులకు చూపించారు. ఇరవై ఏళ్ళకు ఆ పిల్లలు పెద్దవాళ్ళై, ఆ సాయం అందని వాళ్ళకన్నా సుమారు 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నట్టు తేలింది. పోషకాహారం మాత్రమే ఇచ్చిన గుంపులో ఆ తేడా కనిపించలేదు. తిండి వద్దని కాదు సుమా, తిండితో పాటు మాట కూడా కావాలి. నీళ్ళ సీసాలో గుప్పెడు చింతగింజలు పోసి మూత గట్టిగా బిగించి టేపు చుట్టండి, గిలక్కాయ తయారు. టేపు మరవకండి, గింజ గొంతులో పడితే ప్రమాదం.

ఎదుగుదల గుర్తులు చూసుకోండి

తల్లీబిడ్డల కార్డులో ఇవి ఉంటాయి, చాలామంది టీకాల పేజీ దాటి చూడరు. ఉజ్జాయింపుగా: రెండు నెలలకు నవ్వితే నవ్వాలి. తొమ్మిది నెలలకు పేరు పిలిస్తే తిరగాలి. ఏడాదికి టాటా చెప్పాలి. ఏడాదిన్నరకు నడక రావాలి, వేలు పెట్టి "అదిగో" అన్నట్టు చూపించాలి. రెండేళ్ళకు రెండు మాటలు కలపాలి, "అమ్మ రా", "పాలు గావాలె" లాంటివి.

ఒకటి ఆలస్యమైతే జబ్బే అని అర్థం కాదు. అయితే "ఏం గాదు, వాళ్ళ నాయన గూడ మూడేండ్లకే మాట్లాడిండు" అనే మాట దగ్గర జాగ్రత్త. ఆ మాట మీద ఏడాది గడిచిపోయిన ఇళ్ళు నాకు తెలుసు, మాది కూడా అందులో ఒకటి. మాట ఆలస్యమైతే మొదట వినికిడి పరీక్ష చేయించండి. వచ్చిన మాటలు పోయాయంటే మాత్రం ఒక్క వారం కూడా ఆగొద్దు.

తండాల్లో మరో అనుమానం ఉంటుంది: ఇంట్లో లంబాడీ, అంగన్‌వాడీలో తెలుగు, అందుకే మాట రావడం లేదని. రెండు భాషల వల్ల మాట ఆగదు. "యాడి" (అమ్మ), "పాణి" (నీళ్ళు) అన్నా అవి మాటలే. రెండు భాషల మాటలూ కలిపి లెక్కపెట్టండి. నారాయణపేట వైపు కన్నడ, పాలమూరు (మహబూబ్‌నగర్) పట్నంలో ఉర్దూ మాట్లాడే ఇళ్ళకూ ఇదే లెక్క.

తల్లిని అడగడం

ఇది అన్నిటికన్నా కష్టం. మన దగ్గర "నాకు డిప్రెషన్ ఉంది" అని ఎవరూ అనరు. "పానం మంచిగ లేదు", "తల నొస్తున్నది", "నడుము గుంజుతున్నది" అంటారు. మనం బాలింత నొప్పులే అనుకుని కషాయం పోస్తాం.

కాన్పు అయిన తొలి రెండు వారాల్లో ఊరికే ఏడుపు రావడం మామూలే, తగ్గిపోతుంది. అది దాటి రెండు వారాలకు పైగా దిగులు, బిడ్డ మీద కూడా ఆసక్తి లేకపోవడం, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర రాకపోవడం ఉంటే పట్టించుకోవాలి. ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి, అత్త ముందు అడిగితే జవాబు రాదు. పక్కన కూర్చుని ఏదైనా పని చేస్తూ, చిక్కుడుకాయ ఒలుస్తూ అయినా, "ఈ మధ్య దేని మీదా మనసు పడ్తలేదా?" అని మెల్లగా అడగండి. చెప్పడం మొదలుపెడితే "అందరం కన్నాం, నీకే వచ్చిందా" అనొద్దు. ఆ మాటతో తలుపు మూసుకుంటుంది.

చచ్చిపోవాలనిపిస్తుందా అని నేరుగా అడగవచ్చు. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలు ఆ రోజే బయటికి తీసి తాళం వేయించండి. పత్తి వేసే ఇళ్ళలో ఈ ఒక్క పని ప్రాణం కాపాడగలదు. రోజుల తరబడి నిద్రపోకుండా పొంతన లేకుండా మాట్లాడుతుంటే, ఎవరో బిడ్డను ఎత్తుకుపోతారని భయపడుతుంటే, గాలి సోకిందని దర్గాకో గుడికో తిరుగుతూ ఆలస్యం చేయకండి. మొక్కు తర్వాతైనా తీర్చుకోవచ్చు, ఆస్పత్రికి అదే రోజు తీసుకెళ్ళాలి.

మాట సాయానికి ఎంత బలముందో పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో తేలింది. మన ఆశా కార్యకర్తల్లాంటి మహిళలకు శిక్షణ ఇచ్చి, మనసు కుంగిన గర్భిణుల ఇళ్ళకు, కాన్పు తర్వాత కూడా, పంపారు. 2008లో వచ్చిన ఫలితాల ప్రకారం కాన్పైన ఆరు నెలలకు ఆ సాయం అందిన తల్లుల్లో 23 శాతం మందికి కుంగుబాటు ఉంటే, మామూలుగా పలకరించి వచ్చిన గుంపులో 53 శాతం మందికి ఉంది. తర్వాత గోవాలో మామూలు గృహిణులతోనే ఇలాంటి పని చేయించి చూశారు.

రక్తహీనత, థైరాయిడ్ వల్ల కూడా ఇలాంటి నీరసం వస్తుంది, రక్త పరీక్ష చేయించండి. తండ్రుల సంగతి మనవాళ్ళు అసలు అడగరు. కల్లు దుకాణంలో ఎక్కువసేపు గడుపుతున్న కొత్త తండ్రిని తిట్టే ముందు ఒకసారి పలకరించి చూడండి.

అమ్మానాన్నలు వలసపోయిన ఇంట్లో

పాలమూరులో ఈ మాట దాటేయలేం. తల్లిదండ్రులు పుణె, ముంబయి పోతే బిడ్డకు దిక్కు అవ్వే. అప్పుడు పైన చెప్పిన పది నిమిషాలు అవ్వవి. ఆమె నిద్ర, ఆమె రంది కూడా నోటుబుక్కులో రాయాలి. వీడియో కాల్ రోజూ ఒకే వేళకు చేయమనండి. "తిన్నవా? పడుకున్నవా?" అని అడిగితే రెండేళ్ళవాడు జవాబు చెప్పలేడు. అమ్మ అక్కడి నుంచి పాట అందుకుంటే, అవ్వ ఇక్కడ చప్పట్లు కొట్టించాలి. తిరిగొచ్చిన రోజు బిడ్డ అమ్మ దగ్గరికి పోకపోతే బలవంతంగా లాగకండి. అవ్వ పక్కనే ఉండగా మెల్లగా దగ్గరవుతాడు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి

బిడ్డ గురించైతే అంగన్‌వాడీ టీచర్‌కో, ఏఎన్ఎంకో చెప్పండి. పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు రావాలి, అవసరమైతే ఎదుగుదల ఆలస్యమైన పిల్లల కోసం జిల్లాలో ఉండే కేంద్రానికి పంపుతారు. మనసు గురించైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ ఉంది, నంబరు 14416. ఉచితం, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రుల్లో మానసిక వైద్యులు ఉంటారు.

వెళ్ళేటప్పుడు నోటుబుక్కు, కార్డు, బిడ్డ ఇంట్లో ఆడుకుంటున్న రెండు నిమిషాల వీడియో వెంట తీసుకెళ్ళండి. కొత్త చోట పిల్లలు బిగుసుకుపోతారు, వీడియో ఉంటే డాక్టర్‌కు సులువు. తోడుగా ఒకరు వెళ్ళండి, లోపల ఆమె మాట్లాడుతున్నంతసేపూ బిడ్డను బయట ఎత్తుకుని తిప్పడానికి.