డిక్కీ పక్క గుంటలో ఫైబర్ సబ్ బాక్స్: బరువు ఉండదు, స్టెప్నీకి అడ్డం రాదు

సబ్‌వూఫర్ (బేస్ కొట్టే పెద్ద స్పీకర్) అనగానే షాపోళ్లు చూపించేది 18 ఎంఎం ఎండీఎఫ్ (చెక్కపొడితో చేసిన పలక) బాక్సే, స్పీకర్ లేకుండానే ఏడెనిమిది కిలోలు తూగుద్ది, చిన్న హ్యాచ్‌బ్యాక్ డిక్కీలో అది కూర్చుంటే సామాన్లు ఒళ్లో పెట్టుకోవాల్సిందే. నన్నడిగితే వెనక చక్రం పక్కన ఉండే గుంటకి సరిపడా ఫైబర్‌తో, అంటే గాజునార మ్యాట్‌ని రెసిన్ అనే జిగురు ద్రవంతో గట్టిపరిచి, పోసుకోవడం బెటర్. పలకగా ఉండే చెక్క ఊగకుండా ఉండాలంటే మందం కావాలి, వంపు తిరిగిన ఫైబర్‌కి 5 ఎంఎం చాలు, బరువు తగ్గేది అక్కడే. 10 అంగుళాల సబ్‌కి సీల్డ్ బాక్స్ (గాలి బయటికి పోకుండా మూసింది) చెక్క రింగ్‌తో కలిపి దాదాపు నాలుగు కిలోల్లో అయిపోద్ది.

పెట్రోల్ పోసే గొట్టం ఏ వైపు నుంచి వెళ్తుందో ముందు చూసుకుని రెండో వైపు తీసుకోండి, టెయిల్ ల్యాంప్ బల్బు మార్చే దారి కూడా మూయొద్దు. గుంట మొత్తం మాస్కింగ్ టేప్ అడ్డంగా నిలువుగా వేసి, దానిమీద అల్యూమినియం ఫాయిల్, ఆపైన మైనం. సీట్ల దాకా ప్లాస్టిక్ పట్టా పరవండి, రెసిన్ చుక్క కార్పెట్ మీద పడితే మళ్లీ రాదు.

మన దగ్గర రెసిన్, కోబాల్ట్ (గట్టిపడటాన్ని త్వరపెట్టే ద్రవం), హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) విడివిడిగా ఇస్తారు. ముందు కోబాల్ట్‌ని రెసిన్‌లో బాగా కలిపేశాకే హార్డెనర్ పోయాలి, ఆ రెండూ నేరుగా కలిస్తే మంటలు లేస్తాయి, పేలుద్ది కూడా, ఒకే సిరంజి రెండిటికీ వాడొద్దు. ఒకసారికి పావు కిలో రెసిన్ చాలు, ఎండాకాలం అయితే దానికి 3 ఎంఎల్ హార్డెనర్, అదీ పొద్దున్నే, మధ్యాహ్నం కలిపితే మగ్‌లోనే గడ్డకట్టి పొగలొస్తాయి. గ్లౌజులు, కళ్లద్దాలు, ఆర్గానిక్ వేపర్ మాస్క్ (రసాయన ఆవిరిని ఆపే ఫిల్టర్ ఉన్నది) తప్పనిసరి, గుడ్డ మాస్క్ ఆ వాసనకి ఏం పనికిరాదు.

450 జీఎస్ఎం (చదరపు మీటరుకి 450 గ్రాములు) గాజునార మ్యాట్‌ని అరచేతి సైజు ముక్కలుగా చేత్తో చింపండి, కత్తెరతో కోస్తే అంచులు కలవవు. బ్రష్‌తో రుద్దకుండా పొడుస్తూ అద్దండి, తెల్లగా ఉన్న మ్యాట్ నీళ్లలో తడిసినట్టు పారదర్శకంగా మారితే గాలి పోయినట్టే. కారులో రెండు వరసలు వేసి, గట్టిపడ్డాక బయటికి లాగి మిగతా మూడు వరసలు ఆరుబయట వేసుకోవచ్చు.

తర్వాత స్పీకర్ కూర్చునే 12 ఎంఎం ప్లైవుడ్ రింగ్‌ని పుల్లల మీద నిలబెట్టి, పాత ఫ్లీస్ దుప్పటి ముక్కని రింగ్ నుంచి ఫైబర్ చిప్ప అంచు దాకా బిగుతుగా లాగి స్టేపుల్ కొట్టి, రెసిన్ తాగినంత పట్టించండి. ఆరాక రింగ్ లోపలి గుడ్డ కోసేసి, ఆ కంతలోంచి లోపలివైపు మళ్లీ మ్యాట్ వేయాలి. ముందు భాగం పలకగా వస్తే అక్కడ మాత్రం ఒక కర్ర అడ్డంగా అంటించండి, లేదంటే బూమ్మంటది.

ఇప్పుడు వాల్యూమ్, అంటే బాక్స్ లోపల ఎంత చోటుందో. ఇంట్లో 20 లీటర్ల బబుల్ టిన్ ఉంటదిగా, దాంతో బాక్స్‌లో నీళ్లు పోసి చూడండి. చాలా 10 అంగుళాల సబ్‌లకి సీల్డ్‌లో సుమారు అంతే కావాలి, మీ సబ్ కాగితంలో ఎంత రాశాడో దాంతో సరిచూసుకోండి, స్పీకర్ మాగ్నెట్ తినే లీటరో లీటరున్నరో కలుపుకుని. రింగ్‌కి ముందే రెసిన్ పూసి ఉండాలి, లేకపోతే ఉబ్బుద్ది. ఎక్కడైనా లీకుంటే నీళ్లే చూపిస్తాయి.

బాక్స్‌ని బోల్టుతో బాడీకి బిగించండి, సడన్ బ్రేక్‌కి ఎగిరి రాకుండా. బ్యాటరీ నుంచి వచ్చే వైర్‌కి 45 సెంటీమీటర్లలోపే ఫ్యూజ్ పడాలి. రెసిన్ వాసన పూర్తిగా పోయాకే స్పీకర్ ఎక్కించండి, కిందన ఫోమ్ గ్యాస్కెట్ వేసి.