తెరచాప పడవ ఎక్కుతున్నారా? కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్ళు కళ్ళను ఎలా కాపాడుకోవాలి?

మా పిన్ని కూతురు నెల్లూరు నుంచి సెలవులకు చెన్నై వచ్చినప్పుడు ఒక ఆదివారం పొద్దున్నే తెరచాప పడవ ఎక్కించాం. గాలి మళ్ళి పడవ ఒక పక్కకు ఒరగగానే ఉప్పునీళ్ళు సూటిగా దాని ఎడమ కంట్లో కొట్టాయి. కంట్లో నెల రోజులు వాడే లెన్స్ ఉంది. పక్కనున్న పెద్దాయన మంచి మనసుతోనే తాగే నీళ్ళ సీసా అందించారు. "కాసిని నీళ్ళతో కడుక్కోమ్మా, మంట పోతుంది" అన్నారు. అది లెన్స్ తీసి, ఆ నీళ్ళతోనే కడిగి, మళ్ళీ పెట్టేసుకుంది. మర్నాడు కిటికీ తెర జరిపితే చాలు, కన్ను గట్టిగా మూసేసుకుంటోంది. నల్లగుడ్డు మీద గీత పడిందని చెప్పి, డాక్టరుగారు చుక్కల మందు రాసి, మూడు వారాలు లెన్స్ ముట్టుకోవద్దన్నారు. కన్ను దక్కింది. ఆ రోజు నాకు తెలిసుంటే ఆ సీసా పక్కన పెట్టించేదాన్ని.

అందుకే ముందు ఈ ఒక్క మాట మనసులో పెట్టుకోండి: లెన్స్‌కు నీళ్ళు తగలకూడదు. సముద్రపు నీళ్ళు, కొళాయి నీళ్ళు, సీలు తీయని బాటిల్ నీళ్ళు, ఏవైనా అంతే. మెత్తటి లెన్స్ స్పాంజిలా నీటిని పీల్చుకుని, అందులోని క్రిముల్ని గంటల తరబడి కంటికి అదిమి ఉంచుతుంది. వాటిలో అకాంతమీబా అనే ఏకకణ జీవి మరీ మొండిది. చుట్టూ గట్టి పెంకు కట్టుకుని క్లోరిన్ నీళ్ళలో కూడా బతికేస్తుంది. అది నల్లగుడ్డుకు పట్టడం అరుదే గానీ, పట్టిందంటే వైద్యం నెలలు పడుతుంది, కొందరికి కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర) మార్పిడి దాకా వెళ్తుంది.

బయల్దేరడానికి వారం ముందు

మీ కంటి డాక్టరును అడిగి డైలీ లెన్సులు తీసుకోండి. ఒక్కరోజు పెట్టుకుని పారేసేవి. పడవ మీద వీటికి మించినది లేదు, ఎందుకంటే తేడా వచ్చిన క్షణంలో పారేయడానికి మనసు వెనకాడదు. రోజుకు ఒక జత, పైన రెండు మూడు జతలు అదనంగా ఉంచుకోండి. పవర్ సరిపోయే కళ్ళజోడు తప్పనిసరి. లెన్స్ తీయాల్సి వస్తే దిక్కు అదే. దానికి మెడ వెనక తాడు కట్టుకోండి, లేకపోతే సముద్రం పాలవుతుంది.

సంచిలో ఇంకా: ప్రిజర్వేటివ్ లేని, లెన్స్ మీద వేసుకోదగిన కంటి చుక్కలు, ఒక్కసారి వాడి పారేసే స్టెరైల్ సెలైన్ (క్రిములు లేని ఉప్పునీటి ద్రావణం) గొట్టాలు, చిన్న సబ్బు, పొడి టిష్యూలు. అన్నీ జిప్ కవర్లో పెట్టండి.

చలువ కళ్ళద్దాలు కొనేటప్పుడు రంగు ముదురుగా ఉంటే చాలని అమ్మేవాళ్ళు చెబుతారు. మీరు చూడాల్సింది రంగు కాదు, యూవీ 400 (ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపుతుందనే గుర్తు) అని ఉందా లేదా అన్నది. పక్కల నుంచి కూడా కప్పేవి మంచివి, పోలరైజ్డ్ అయితే నీటి మీది మెరుపు తగ్గుతుంది. యూవీ ఆపే లెన్సులు ఉన్నాయి కదా అంటారేమో, అవి నల్లగుడ్డును మాత్రమే కప్పుతాయి. తెల్లగుడ్డు, రెప్పలు ఎండలోనే ఉంటాయి.

పొద్దున పెట్టుకునేటప్పుడు

వరస ముఖ్యం. చేతులు సబ్బుతో కడిగి, వేళ్ళ సందుల్లో తడి కూడా లేకుండా తుడుచుకోండి. లెన్స్ పెట్టుకోండి. ఆ తర్వాతే సన్‌స్క్రీన్ రాయండి. ముందు సన్‌స్క్రీన్ రాసుకుంటే వేళ్ళ జిడ్డు లెన్స్‌కు పట్టి రోజంతా మసకే. ఇదంతా ఇంట్లోనో గదిలోనో కానివ్వండి, ఊగే పడవలో వద్దు.

వాంతులకు భయపడి అవోమిన్ లాంటి మాత్ర వేసుకునేవాళ్ళు గుర్తుంచుకోండి, ఆ మందులు కన్నీటిని కూడా ఎండబెడతాయి, చూపు కాస్త మసకబారొచ్చు. పైగా చెన్నై ఎండ, ఎదురుగాలి. అలాంటి రోజున నేనైతే కళ్ళజోడుతోనే వెళ్తాను.

పడవ మీద

టోపీ, చలువ కళ్ళద్దాలు పెట్టుకుంటే తుంపర సగం అక్కడే ఆగిపోతుంది. గాలి వైపు ముఖం పెట్టి కూర్చుంటే మధ్యమధ్య రెప్పలు ఆడించండి, గంటకో రెండు గంటలకో చుక్కలు వేసుకోండి. తాడు పట్టిన చేత్తో కళ్ళు నలపకండి. ఆ తాడుకు ఉప్పు, ఇసుక, గ్రీజు అన్నీ ఉంటాయి.

నీళ్ళు పడితే ఇలా చేయండి. ముందు కన్ను నలపకుండా రెప్పలు మూసి బయటి తడి తుడవండి. సముద్రపు నీటిలో ఉప్పు సుమారు 3.5 శాతం, కన్నీటిలో 1 శాతం లోపే, కాబట్టి మంట రావడం సహజం. పడవ కాస్త నిలకడగా ఉన్నప్పుడు సబ్బుతో చేతులు కడిగి పూర్తిగా ఆరబెట్టుకోండి. లెన్స్ కంటికి అతుక్కున్నట్టుంటే గోరుతో లాగకండి, రెండు చుక్కలు వేసి కొన్ని నిమిషాలు ఆగితే కదులుతుంది. తీసి పారేయండి. సెలైన్‌తో కన్ను కడిగి కళ్ళజోడు పెట్టుకోండి. మంట, ఎరుపు పూర్తిగా పోయేదాకా కొత్త లెన్స్ వద్దు. నెల లెన్స్ అయితే, పారేయలేకపోతే, లెన్స్ శుభ్రం చేసే సొల్యూషన్‌తో రుద్ది కడిగి రాత్రంతా కొత్త సొల్యూషన్‌లో నానబెట్టాలి. పాత సొల్యూషన్ మీదే కొత్తది కలపడం, ఎంగిలితో తడపడం రెండూ తప్పే.

ఈత కొట్టాలనిపిస్తే లెన్సులు తీసేయండి. పవర్ ఉన్న ఈత గాగుల్స్ కూడా దొరుకుతాయి.

రాత్రి

రెండు మూడు రోజులు పడవలోనే పడుకునే ప్రయాణమైతే ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు, అలసిపోయి లెన్సులతోనే నిద్రపోతారు. దానివల్ల నల్లగుడ్డుకు ఇన్ఫెక్షన్ ముప్పు కొన్ని రెట్లు పెరుగుతుంది. భోజనానికి కూర్చోకముందే తీసేయండి.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

లెన్స్ తీశాక కూడా నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసక. వీటిలో ఏది ఉన్నా ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్ళండి. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకుంటే కన్ను తేటపడినట్టు కనిపిస్తుంది, లోపల ఇన్ఫెక్షన్ ముదురుతుంది. చెన్నైలో ఉంటే ఎగ్మూరులో 1819లో మొదలైన ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, నుంగంబాక్కంలో శంకర నేత్రాలయ ఉంది. తీసిన లెన్స్ ఇంకా మీ దగ్గరుంటే, వెళ్ళేటప్పుడు దాన్నీ, దాని డబ్బానూ తీసుకెళ్ళండి. క్రిమి ఏదో పరీక్ష చేయడానికి డాక్టరుకు అవి పనికొస్తాయి. నీళ్ళు పడ్డాయన్న సంగతి వాళ్ళు అడగకముందే మీరే చెప్పండి.