మైల్డ్ ఏల్ నీళ్లలా పలచగా వస్తోందా? ముందు గ్రావిటీ చూడండి

డార్క్ మైల్డ్ అనే ముదురు రంగు ఇంగ్లిష్ బీరుకు మొదటి గ్రావిటీ (పులియకముందు సాంద్రత, నీళ్లది 1.000) 1.035 చుట్టూ, ఆల్కహాల్ 3 శాతం పైచిలుకు. అంత తేలికైనా నోటికి నిండుగా తగలాలి. పలచగా ఉందనగానే చాలామంది వచ్చేసారి క్రిస్టల్ మాల్ట్ (తీపినిచ్చే రకం మొలకెత్తించిన బార్లీ) రెట్టింపు చేస్తారు. బీరు తీపెక్కుతుంది, అసలు తప్పు అలాగే ఉండిపోతుంది.

దయచేసి ముందు చివరి గ్రావిటీ, అంటే పులిశాక ఉండే సాంద్రత, కొలవండి. బీరును గ్యాస్ పోయేదాకా తిరగపోసి, 20 డిగ్రీలకు తెచ్చి హైడ్రోమీటర్ వేయండి. పులిశాక రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంపుతో చక్కెర కొలిచే పరికరం) అంకె నమ్మొద్దు, ఆల్కహాల్ వల్ల ఎక్కువ చూపిస్తుంది.

1.010 నుంచి 1.013 ఉంటే

బీరు నిండుతనం బాగానే ఉంది, గ్యాస్ ఎక్కువైంది. 20 లీటర్లకు 140 గ్రాముల చక్కెర వేసి సీసాల్లో నింపితే ఆ చురుకు మాల్ట్‌ను మింగేస్తుంది. మైల్డ్‌కు 65 గ్రాములు చాలు. తాగేటప్పుడు 12 డిగ్రీలుండాలి, ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే కాదు. ఆర్‌ఓ నీళ్లతో కాస్తుంటే 25 లీటర్లకు 5 గ్రాముల కాల్షియం క్లోరైడ్ కలపండి.

1.007 లేదా అంతకన్నా తక్కువ ఉంటే

తప్పు మాష్‌లో, అంటే మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెట్టే దశలో ఉంది. "68 డిగ్రీల్లోనే చేశాను" అనేవాళ్లే ఇక్కడ ఎక్కువగా దెబ్బతింటారు, ఎందుకంటే 68కి ఎలా చేరారన్నదే అసలు సంగతి. మాల్ట్ కలిపాక 63 చూపించిందనుకోండి. సన్నమంట మీద ఇరవై నిమిషాల్లో 68కి తెచ్చి, పుస్తకంలో 68 అని రాసుకుంటారు. ఆలోపే మాల్ట్‌లోని బీటా అమైలేజ్ అనే ఎంజైమ్ తనకు బాగా నచ్చే 60–65 మధ్య పిండిపదార్థాన్ని ఈస్ట్ తినేసే చక్కెరగా మార్చేసి ఉంటుంది. తర్వాత ఎంత వేడి చేసినా అది వెనక్కి రాదు.

పైగా మైల్డ్ మాష్ చిన్నది. 20 లీటర్లకు మారిస్ ఓటర్ (ప్రధాన మాల్ట్) 2.9 కిలోలు, క్రిస్టల్ 350 గ్రాములు, చాక్లెట్ మాల్ట్ 120 గ్రాములు, నీళ్లు 8.5 లీటర్లు. పెద్ద గిన్నెలో ఇది అడుగున పడి ఉండి త్వరగా చల్లారిపోతుంది.

మాష్ టన్‌లో (మాష్ చేసే పాత్రలో) ముందు మరిగే నీళ్లు పోసి, వేడెక్కాక పారబోయండి. మాల్ట్ 20 డిగ్రీలుంటే నీళ్లు 76 దగ్గర పోయండి. బాగా కలిపి, అయిదు నిమిషాలాగి మధ్యలోనూ అంచునా చూడండి, 68–69 రావాలి. 65 ఉంటే మంట పెట్టొద్దు, లీటరు మరిగే నీళ్లు వెంటనే పోసి కలపండి. మూడు డిగ్రీలు పెరుగుతుంది. తర్వాత దుప్పటి చుట్టండి.

థర్మామీటర్‌ను మంచునీళ్లలోనే కాదు, మరిగే నీళ్లలోనూ పరీక్షించండి. కొన్ని సున్నా దగ్గర సరిగ్గా ఉండి పైన మూడు డిగ్రీలు తప్పుతాయి. డెన్వర్ లాంటి ఎత్తైన ఊళ్లో ఉన్నవాళ్లు మాత్రం 95 దగ్గరే మరుగుతుందని గుర్తుంచుకోండి.

మాష్ సరిగ్గా ఉంటే ఈస్ట్ మార్చండి. నాటింగ్‌హామ్ రకం ఈస్ట్ గ్రావిటీని చాలా కిందికి తీసుకెళ్తుంది. విండ్సర్ రకం మాల్టోట్రయోస్ అనే చక్కెర జోలికి పోదు, మైల్డ్‌కు అదే మేలు.

అడవి ఈస్ట్ (మనం వేయకుండా బయటినుంచి చొరబడేది) అరుదు. సీసాల్లో గ్యాస్ వారం వారం పెరుగుతూ ఉంటేనే అనుమానించండి.

ఇప్పటికే పులిసి, ఇంకా సీసాల్లో నింపని 20 లీటర్ల బీరుకు 150 గ్రాముల మాల్టోడెక్స్‌ట్రిన్ (మామూలు ఈస్ట్ తినలేని పిండిపదార్థపు పొడి) కొద్ది నీళ్లలో మరిగించి, చల్లార్చి కలపండి. గ్రావిటీ మూడు పాయింట్లు (0.003) పెరుగుతుంది. అడవి ఈస్ట్ అనుమానం ఉంటే మాత్రం కలపొద్దు, అది దాన్ని కూడా తిని సీసాలు పేలుస్తుంది.